ఊరు మారేటప్పుడు ముందు కాగితాలు, ఆ తర్వాతే గిన్నెలు

ఇల్లు మారాలనుకోగానే అట్టపెట్టెలు తెచ్చి వంటింటి సామాను సర్దడంతో పని మొదలుపెట్టడం మన ఇళ్లలో అలవాటు. మా వారికి బదిలీ అయి, నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు వచ్చేటప్పుడు నేను ఆ వరుసను మార్చాను. ఊరు వదిలాక మళ్లీ దొరకడం కష్టమయ్యేవి ఏమిటని ముందు ఆలోచించి, వాటినే మొదట పట్టుకున్నాను. గిన్నె సొట్టపోతే మహబూబ్‌నగర్‌లో ఇంకోటి కొనుక్కోవచ్చు. నల్లగొండ బడిలో రిజిస్టరు చూసి రాసివ్వాల్సిన కాగితాన్ని మాత్రం నల్లగొండలోనే తీసుకోవాలి.

అన్నింటికంటే ముందు పిల్లల బోనఫైడ్ సర్టిఫికెట్ల పని, అంటే ఏ తరగతి ఏ సంవత్సరం ఆ బడిలో చదివారో బడి రాసిచ్చే కాగితాల పని చూశాను. బడి మారుతున్నాం కనుక టీసీ ఎవరైనా తీసుకుంటారు, అది లేనిదే కొత్త బడిలో చేర్చుకోరు కూడా. బోనఫైడ్ సంగతి అలా కాదు. దాని అవసరం పిల్లలు ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకునే వయసు వచ్చినప్పుడు గాని తెలియదు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికతను 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి చూస్తున్నారు. ఈ ఉద్యోగాల కోసం జిల్లాలను జోన్లుగా విభజించారు, అందులో నల్లగొండ యాదాద్రి జోన్‌లో ఉంది, మహబూబ్‌నగర్ జోగులాంబ జోన్‌లో ఉంది. అంటే మా అమ్మాయిలాగా కొన్ని తరగతులు అక్కడ, మిగిలినవి ఇక్కడ చదివే పిల్లలకు ఏ సంవత్సరం ఏ బడిలో ఉన్నారో చూపే కాగితం ఎంతో విలువైనది. ఇన్నేళ్లలో ప్రైవేటు బడులు మూతపడవచ్చు, పేరు మారవచ్చు, చేతులు మారవచ్చు. అందుకని తరగతి, విద్యా సంవత్సరం స్పష్టంగా రాయించి, సంతకం, ముద్ర వేయించుకుని, పేరులోనూ పుట్టిన తేదీలోనూ అక్షరం తేడా లేదని అక్కడే నిలబడి సరిచూసుకుని బయటికి రావాలి. బదిలీల మీద తిరిగే ప్రతి కుటుంబానికీ నేను మొదట చెప్పే మాట ఇదే.

తర్వాత గ్యాస్. ఊరు మారితే సిలిండరును లారీలో వేసుకుని పోకూడదు. పాత ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి, డిపాజిట్ తిరిగి తీసుకుని, ట్రాన్స్‌ఫర్ వోచర్ రాయించుకోవాలి. ఆ వోచర్ చూపి, ఇప్పుడున్న రేటు ప్రకారం డిపాజిట్ కడితే కొత్త ఊరి ఏజెన్సీ కనెక్షన్ ఇస్తుంది. మొదట్లో ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచర్ ఎక్కడుందో ముందే వెతికిపెట్టుకుంటే ఈ పని తొందరగా తెములుతుంది. సిలిండరు అప్పగించిన తర్వాత కొత్తది చేతికి వచ్చేదాకా పొయ్యి ఉండదు కనుక, ఇండక్షన్ పొయ్యిని, దానికి సరిపడే ఒక గిన్నెను పెట్టెల్లో కట్టేయకుండా బయట ఉంచుకోవాలి.

కరెంటు బిల్లు కట్టేసి, ఖాళీ చేసే రోజున మీటరు రీడింగును ఫొటో తీసి ఇంటి ఓనరుకు పంపించాను, కొత్త ఇంట్లో దిగిన రోజున అక్కడి మీటరునూ ఫొటో తీశాను. దీనివల్ల ఎవరి వాడకం ఎంతన్న మాటే రాదు. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పొందుతున్న కిరాయిదారులైతే, తమ రేషన్ కార్డుకు ముడిపడి ఉన్నది పాత ఇంటి సర్వీసు నంబరన్న సంగతి మరువకుండా, దాన్ని మార్పించుకోవడానికి మున్సిపల్ కార్యాలయంలో గాని మండల పరిషత్ కార్యాలయంలో గాని అడగాలి. రేషన్ బియ్యానికి మాత్రం ఈ చింత లేదు, రాష్ట్రంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా తీసుకోవచ్చు.

ఎప్పుడు మారాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చే అయింది. బడులు జూన్ 12న తెరుస్తారు. ఆషాఢం వస్తే ఇల్లు కదలవద్దని అత్తమ్మ పట్టుబట్టారు, మంగళవారం అసలే వద్దన్నారు. పట్టింపులు లేనివాళ్లు కూడా ఈ లెక్కను గమనించడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే శూన్యమాసానికి ముందు మంచిరోజుల్లో అందరూ ఒక్కసారే కదులుతారు. అప్పుడు సామాను మోసే డీసీఎం బండి దొరకదు, దొరికినా కిరాయి ఎక్కువ చెబుతారు, హమాలీలు పొద్దున ఒక ఇల్లు, సాయంత్రం ఒక ఇల్లు ఒప్పుకుని తొందర తొందరగా సామాను ఎత్తేస్తారు. తిథి మంచిదై వారం మధ్యలో వచ్చే రోజును చూసుకుంటే పెద్దల మాటా నిలుస్తుంది, మన పనీ నెమ్మదిగా సాగుతుంది. మన జిల్లాల ఎండలు తెలిసినవే కాబట్టి, తెల్లవారకముందే లోడింగ్ మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా బండి ఊరు దాటేటట్టు మాట్లాడుకున్నాము. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వచ్చే దారిలో మధ్యాహ్నానికల్లా దించుకోవడం మొదలైంది.

సామాను సర్దే ముందు కొత్త ఇంటిని టేపు పెట్టి కొలిచాము. బీరువా ఏ గదిలో పడుతుంది, మంచం తలుపుకు అడ్డం వస్తుందా, ఫ్రిజ్ పెట్టే చోట ప్లగ్గు ఉందా, సజ్జ ఎంత లోతు ఉంది అన్న కొలతలు చేతిలో ఉంటే, ఏవి తీసుకుపోవాలో ఏవి ఇచ్చేయాలో పాత ఇంట్లోనే తేలిపోతుంది. పట్టని సోఫాను నూట యాభై కిలోమీటర్లు మోయించి, అక్కడ అగ్గువకు అమ్ముకోవడంలో అర్థం లేదు. సజ్జ మీది సామాను విషయంలో నేను కొంచెం కఠినంగానే ఉన్నాను. పోయినసారి మారినప్పుడు కట్టిన సుతిలి ముడి ఇప్పటికీ విప్పకుండా ఉన్న మూటలను, రోలు, విసుర్రాయి వంటి పెద్దల నాటివి తప్ప, అవసరమున్న వాళ్లకు ఇచ్చేశాను.

సర్దడంలో నేను పాటించిన పద్ధతి ఒకటే. ప్రతి పెట్టెకూ ఒక అంకె వేసి, దాన్ని పైన, రెండు పక్కలా రాశాను. నోటుబుక్కులో ఆ అంకెకు ఎదురుగా అది ఇప్పుడున్న గదిని కాక, కొత్త ఇంట్లో చేరాల్సిన గదిని రాశాను. కొత్త ఇంటి గడపల మీద సుద్దముక్కతో అవే గదుల పేర్లు రాసిపెట్టాము. సామాను దించేటప్పుడు “అమ్మా, ఇది యాడ పెట్టాలె?” అన్న ప్రశ్న ప్రతి పెట్టెకూ వస్తుంది. గుమ్మం దగ్గర నోటుబుక్కు పట్టుకుని ఒక్కరు నిలబడి అంకె చూసి గది చెబితే చాలు. ఇద్దరు ముగ్గురు తలా ఒక మాట చెప్పడం మొదలుపెడితే హమాలీలు అన్నీ హాల్లోనే దించి పోతారు.

పుస్తకాలను సబ్బుల అట్టపెట్టెల వంటి చిన్నవాటిలోనే పెట్టాలి, పెద్ద పెట్టె నింపితే ఎత్తలేరు, అడుగు కూడా ఊడిపోతుంది. పింగాణీ పళ్లాలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పాత చీరల మధ్య నిలువుగా పెడితే కుదుపులకు తట్టుకుంటాయి. మంచం విప్పినప్పుడు వచ్చిన బోల్టులను చిన్న సంచిలో వేసి ఆ మంచం పట్టెకే కట్టేయాలి. ఇన్వర్టర్ బ్యాటరీని నిలువుగానే ఉంచాలి, పక్కకు ఒరిగితే యాసిడ్ కారుతుంది. ఫ్రిజ్‌ను ముందురోజే ఖాళీ చేసి ఆరబెట్టి, నిలబెట్టి తెచ్చి, దించాక కొన్ని గంటలు ఆగి ఆన్ చేయాలి.

మామిడికాయ తొక్కు జాడీకి మా అత్తమ్మ చేసిన ఏర్పాటు చూడదగ్గది. పైన తేలిన నూనెను వేరే సీసాలోకి వంచి, జాడీ మూతికి పొడిగుడ్డ కట్టి, దానిమీద ప్లాస్టిక్ కవరు బిగించి, బియ్యం బస్తాను సగం ఖాళీ చేసి అందులో మెడ దాకా దింపారు. ఇంటికి చేరాక నూనె మళ్లీ పోశారు. బియ్యం మీద ఒక్క చుక్క పడలేదు.

లారీ ఎక్కకూడని సంచి ఒకటి ఉంటుంది. కాగితాలు, బంగారం, మందులు, బ్యాంకు పాస్‌బుక్కులు, చార్జర్లు, రెండు ఇళ్ల తాళంచెవులు అందులో పెట్టి మా వెంటే ఉంచుకున్నాము. మొదటి రోజుకు కావలసినవి ఇంకో సంచిలో వేరుగా పెట్టాము. దేవుడి పటం, పసుపు, కుంకుమ, ఉప్పు, పాలు పొంగించే గిన్నె, కొత్త చీపురు, బకెట్, సబ్బు, ఒక బల్బు, స్క్రూడ్రైవర్, అందరికీ ఒక జత బట్టలు, పరుచుకోవడానికి చద్దర్లు ఉంటే, మిగిలిన పెట్టెలను ఆ రాత్రి తెరవకపోయినా గడిచిపోతుంది.

ఇల్లు చూసేటప్పుడే నీళ్ల గురించి అడిగి తెలుసుకోవాలని గట్టిగా చెబుతాను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల ఎముకలను ఏం చేశాయో చూసిన నల్లగొండ జిల్లా మాది. అందుకని గోడల రంగు కంటే ముందు, బోరు నీళ్లు ఏ కుళాయిలో వస్తాయి, ప్రభుత్వం కుళాయిలకు ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లు ఏ వేళకు వస్తాయి, తాగేందుకు ఏవి వాడుతున్నారు అని పక్కింటి వాళ్లను అడిగాను. బోరు నీళ్ల గురించి ఓనరు కంటే పక్కింటి వాళ్లే సరిగ్గా చెబుతారు.

దిగిన తర్వాత చిరునామాలు మార్పించడానికి కూడా ఒక వరుస ఉంది. ముందు కిరాయి ఒప్పందపత్రం రాయించుకోవాలి, దాని ఆధారంగా ఆధార్‌లో చిరునామా మార్పించాలి, ఆ ఆధార్ చూపి బ్యాంకు, బీమా, గ్యాస్ ఖాతాల్లో మార్పించుకోవాలి. ఓటు బదిలీకి ఇప్పుడు ఫారం 8 నింపాలి. ఫారం 6 కొత్తగా ఓటు నమోదు చేసుకునే వాళ్లకే.