నలుగురి ఉద్యోగాల మధ్య ఒక పాట: నా అనుభవం

మా బ్యాండ్‌లో నలుగురం, నలుగురికీ ఉద్యోగాలున్నాయి. డ్రమ్మర్‌వి నైట్ షిఫ్టులు, బేస్ వాయించేవాడి ఇంట్లో చంటిబిడ్డ. అందరం కూర్చుని జామ్ చేస్తుంటే, అంటే తోచింది కలిసి వాయిస్తూ పోతుంటే, పాట దానంతటదే పుడుతుందనడం వినడానికి బాగుంటుంది గానీ, అసలు నలుగురికీ కుదిరే రోజు దొరికితే కదా! పోనీ ఆన్‌లైన్‌లో కలిసి వాయిద్దామా అంటే తాళం నిలవదు. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, అంటే 30 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే పది మీటర్ల అవతల నిలబడి వాయించినట్టే, వీడియో కాల్‌లో ఆలస్యం అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఒకరి కోసం ఒకరు ఆగుతూ పోతే పాట నీరసించిపోతుంది.

అందుకని ఇప్పుడు పాట చేతులు మారుతూ తయారవుతోంది. నాకు ట్యూన్లు ఎక్కువగా గిన్నెలు తోముతుంటే తడతాయి. చేతులు తుడుచుకుని ఫోన్‌లో కూనిరాగం తీసి పెట్టుకుంటా, తర్వాత క్లిక్ ట్రాక్ (తాళం తప్పకుండా వినిపించే టిక్ టిక్) మీద గిటార్ వాయించి, ఫైల్ పేరులోనే టెంపో (నిమిషానికి ఎన్ని బీట్లో), శ్రుతి, తేదీ రాసి అందరూ చూసే ఫోల్డర్‌లో పడేస్తా. ఈ పేర్ల దగ్గర నాకు కాస్త చాదస్తమే. బిడ్డను పడుకోబెట్టాక అరగంట దొరికిన మనిషి, ఆ అరగంటా కొత్త ఫైల్ ఏదో వెతుక్కుంటూ కూర్చోకూడదు. ఫైళ్లన్నీ ఒకే రకంగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (కుదించని ఆడియో) ఫార్మాట్‌లో ఉండాలి, చివర్లో రెండే రెండు స్వరాలు వాయించినా రికార్డింగ్ పాట మొదటి నుంచే ఉండాలి. అప్పుడు ఎవరు ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా అన్నీ సరిగ్గా కూర్చుంటాయి.

ఈమధ్య ఒక పాట 104 టెంపోలో పంపాను. డ్రమ్మర్ షిఫ్ట్ దిగి వచ్చి ప్రాక్టీస్ ప్యాడ్ మీద వాయించి, 92కి దించి తిరిగి పంపాడు. మొదట ఒళ్లు మండింది. పాడి చూస్తే పల్లవి రెండో లైన్‌కి ముందు ఊపిరి తీసుకునే చోటు దొరికింది, అక్కడ పదాలు మింగేయాల్సిన పని తప్పింది. ఎవరైనా ఏదైనా మార్చొచ్చు, పాత వెర్షన్ మాత్రం చెరపకూడదు, ఇదే మా ఒప్పందం.

డ్రమ్స్, బేస్ మాత్రం ఒకే గదిలో ఉండి వాయిస్తారు, విడివిడిగా చేస్తే ఊపు రాదు. ఆ రోజు కొత్త ఐడియాలు వద్దు, వచ్చింది వాయించుకుని ఇంటికి పోవడమే.

విడివిడి రికార్డింగులన్నీ కలిపే మిక్స్ దగ్గర మాత్రం ఎంత టైమ్ ఉన్నా చాలదు. హెడ్‌ఫోన్స్‌లో గుండె అదిరేలా ఉన్న బేస్ ఫోన్ స్పీకర్‌లో మాయమైపోతుంది, దానికి కాస్త డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్) కలిపితే గానీ వినపడదు. సౌండ్ పెంచుకుంటూ పోవడం మానేశాం, స్పాటిఫై ఎలాగూ మామూలు సెట్టింగ్‌లో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి దించేస్తుంది.

డబ్బు సంగతి అడగొద్దు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదిలో 1,000 స్ట్రీములు దాటని పాటకు రాయల్టీయే లేదు. అయినా పాట పూర్తయిన రోజే ఎవరి వాటా ఎంతో రాసి సంతకాలు పెట్టుకుంటాం. సున్నాని పంచుకునేటప్పుడు గొడవ పడేవాళ్లు ఎవరూ ఉండరు కదా, ఆ పని అప్పుడే తేలిగ్గా అయిపోతుంది.