ఒక్క ఫాంటసీ సిరీస్ వదిలేయాలంటే నా ఓటు హ్యారీ పాటర్‌కే

పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. ఫేమస్ ఫాంటసీ సిరీసుల్లో ఒక్కదాన్ని ఈ జన్మలో మళ్ళీ ముట్టుకోకుండా వదిలేయాలి, ఏది వదిలేస్తావ్? వినడానికి ఉత్త టైంపాస్ ప్రశ్నే గానీ కొంచెం సీరియస్‌గా తీసుకున్నామా ఇక బుర్ర తినేస్తుంది, నాకైతే తినేసింది. ముందే చెప్పేస్తున్నా, కింద స్పాయిలర్లు బోలెడున్నాయి, హ్యారీ పాటర్, లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఇంకా చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోయినా నేనేం అనుకోను.

చాలామంది ఏం చేస్తారంటే తమకి నచ్చని సిరీస్ పేరొకటి చెప్పేసి చేతులు దులిపేసుకుంటారు. అది చెల్లదు. అసలు పట్టుకోనిదాన్ని వదిలేయడమేంటి? మా ఫ్రెండ్ ఒకడు "వీల్ ఆఫ్ టైమ్ వదిలేస్తా" అని ఠక్కున చెప్పాడు, తీరా గుచ్చి గుచ్చి అడిగితే ఎనిమిదో పుస్తకం సగంలో ఎప్పుడో ఆపేశాడంట, మళ్ళీ తెరవలేదంట. 14 పుస్తకాల్లో సగం చదివి పారిపోయినవాడు ఇప్పుడు త్యాగం చేస్తున్నట్టు ఫోజు కొడితే ఎలా ఒప్పుకుంటాం, తూచ్ అన్నాం. (వాడి బాధ కూడా అర్థమవుతుందిలెండి. తొమ్మిదో పుస్తకం చివర్లో పెద్ద సంఘటన జరుగుతుంది, తీరా పదోది తెరిస్తే ఎక్కడెక్కడో ఉన్న క్యారెక్టర్లందరూ అదే సంఘటనని దూరం నుంచి చూసి ఆశ్చర్యపోతూ వందల పేజీలు గడిపేస్తారు. నైనీవ్ అనే అమ్మాయి తన జడ తనే లాక్కుంటూనే ఉంటుంది. ఓపికుండాలి.)

అందుకని రూల్స్ పెట్టుకున్నాం. పూర్తిగా చదివి ఉండాలి, అంటే వచ్చినంతవరకూ అన్నమాట, ఇష్టమై ఉండాలి, వదిలేస్తే కాస్తయినా నొప్పి పుట్టాలి. వదిలేశాక పుస్తకం లేదు, ఆడియోబుక్ లేదు, సినిమా లేదు, సీరియల్ లేదు. అయితే ఇప్పటిదాకా చదివింది మాత్రం బుర్రలో ఉండిపోతుంది, దాన్నెవరూ తుడిచెయ్యరు. ఈ చివరి రూల్ ఉంది చూశారూ, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ నా లెక్కలో మొత్తం ఆట దీనిమీదే ఆధారపడి ఉంది.

ఎక్కువమంది సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్ అన్నారు. కారణం అందరిదీ ఒకటే, అది అయ్యేది కాదు పొయ్యేది కాదు అని. మొదటి పుస్తకం 1996లో వచ్చింది, ఐదోది 2011లో, ఆరోదాని కోసం అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాం, ఈలోగా టీవీ సీరియల్ (గేమ్ ఆఫ్ థ్రోన్స్) పుస్తకాల్ని దాటేసి ముందుకెళ్ళిపోయింది, 2019లో ముగిసి కూడా పోయింది. కోపం నాకూ ఉంది. కానీ ఆలోచించండి, అది పూర్తికాలేదు కాబట్టే దాన్ని వదలడం కష్టం. రేప్పొద్దున్న ఆరో పుస్తకం వచ్చిందనుకోండి, లోకమంతా రాత్రంతా మేలుకుని చదువుతుంటే నేను మాత్రం మాటిచ్చాను కదా అని గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. అక్కడ నేను వదులుకునేది చదివేసిన పుస్తకాన్ని కాదు, ఇంకా చదవని పుస్తకాన్ని. చదివిందైతే కనీసం గుర్తుంటుంది, చదవనిది ఎలా గుర్తుంటుంది? పైగా ఆ సిరీస్‌లో రెండోసారి చదివితే తప్ప కనపడనివి చాలా ఉన్నాయి. రెండో పుస్తకంలో డెనేరిస్ ఆ మాంత్రికుల ఇంట్లో తిరుగుతున్నప్పుడు ఒక విందు దృశ్యం కనిపిస్తుంది, అందరూ చచ్చిపడి ఉంటారు, సింహాసనం మీద తోడేలు తలతో ఒకడు. మొదటిసారి ఏదో పీడకలలే అని దాటేస్తాం. మూడో పుస్తకంలో పెళ్ళి దగ్గరికొచ్చాక గానీ వెన్నులో చలి పుట్టదు. కాబట్టి కోపమెంత ఉన్నా దాన్ని వదలను.

అక్కడ్నుంచి నేను ఇంకో రకంగా ఆలోచించడం మొదలెట్టా. ఏ సిరీస్ గొప్పది, ఏది కాదు అని కాదు, పుస్తకం చేతిలో లేకపోయినా నా దగ్గర ఎంత మిగులుతుంది అని. జ్ఞాపకం ఉంటుందన్నారు కాబట్టి ఏది జ్ఞాపకంలో చెక్కుచెదరకుండా ఉంటుందో అది వదిలేసినా నష్టం తక్కువ, ఏది పేజీ మీద మాత్రమే బతుకుతుందో అది వదిలేస్తే మొత్తం పోయినట్టే. ఎందుకంటే మనకి కథ గుర్తుంటుంది, వాక్యం గుర్తుండదు. ఎంత ఇష్టమైన పుస్తకమైనా సరే కథ మొత్తం పూస గుచ్చినట్టు చెప్పగలం గానీ ఒక్క పేరా ఉన్నదున్నట్టు చెప్పమంటే నీళ్ళు నములుతాం.

ఈ లెక్కన డిస్క్‌వరల్డ్ వైపు చెయ్యి కూడా చాపలేను. 1983 నుంచి 2015 దాకా 41 నవలలు, వాటిల్లో సగం కథలు నాకిప్పుడు సరిగ్గా గుర్తులేవు, ఎవరో ఎవర్నో చంపాలనుకుంటారు, నగరం తగలబడబోయి ఆగుతుంది, పోలీసు కెప్టెన్ వైమ్స్ విసుక్కుంటూ తిరుగుతుంటాడు. ఆ నవ్వంతా వాక్యంలో ఉంటుంది, ఫుట్‌నోట్‌లో ఉంటుంది, పుస్తకం మూసేస్తే ఆవిరైపోతుంది. అన్నట్టు శాశ్వతంగా వదిలేయడం అంటే ఏంటో ఆ రచయిత టెర్రీ ప్రాట్చెట్ దగ్గరే నేర్చుకోవాలి. తను పోయాక పూర్తికాని రాతలేవీ బయటికి రాకూడదని ఆయన కోరిక, అందుకని 2017లో వాటితో ఉన్న హార్డ్ డ్రైవ్‌ని నిజంగానే పాతకాలపు స్టీమ్ రోలర్ కింద పెట్టి తొక్కించేశారు. మనం ఇక్కడ కూర్చుని ఏది వదలాలి ఏది వదలాలి అని ఊగిసలాడుతున్నాం, ఆయన మనం చదవనే చదవని పుస్తకాల్ని మన తరఫున వదిలేసి వెళ్ళిపోయాడు.

లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సంగతి ఇంకొంచెం తిరకాసు. కథ చూస్తే ఒక్క ముక్కలో చెప్పొచ్చు, ఉంగరం తీసుకెళ్ళి అగ్నిపర్వతంలో పడెయ్యాలి, అంతే. మరి ఆ ఒక్క ముక్కకి మూడు సంపుటాలెందుకు (టోల్కీన్ దృష్టిలో అది ఒకటే పుస్తకం, 1954, 55ల్లో మూడుగా విడగొట్టి వేసింది పబ్లిషర్) అంటే, ఆ నడక కోసం. చెట్లు, కొండలు, పాత రాళ్ళు, ఎవడో మర్చిపోయిన రాజు పేరు, మధ్యమధ్యలో పాటలు. చిన్నప్పుడు ఆ పాటలన్నీ గంతులేసి దాటేసేదాన్ని. ఉంగరం పోయాక కూడా ఇంకా 6 ఛాప్టర్లు ఉంటాయి, అప్పట్లో ఇదేంట్రా బాబూ అయిపోయిందిగా ఇంకా ఏంటీ సాగదీత అనిపించింది. ఇప్పుడు నేను ఆ పుస్తకం తీసేదే ఆ 6 ఛాప్టర్ల కోసం. గెలిచి ఇంటికొచ్చాక ఇల్లు పాడైపోయి ఉండడం, దాన్ని మళ్ళీ బాగుచేసుకోవడం, అందరికీ బాగయ్యాక కూడా ఉంగరం మోసిన ఫ్రోడో ఒక్కడికి బాగవకపోవడం. సినిమాలో షైర్ (అదే, ఫ్రోడో వాళ్ళ ఊరు) పాడైపోయిన భాగమే లేదు. ఇంకో పదేళ్ళకి దాన్లో నాకింకేం కనిపిస్తుందో తెలీదు, మరి తెలీనిదాన్ని ఎలా వదులుకుంటాను?

నార్నియా గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 7 చిన్న పుస్తకాలు, ఇష్టమే, బీరువాలోంచి మంచులోకి అడుగుపెట్టడం ఇష్టం, దీపస్తంభం ఇష్టం, చివరి పుస్తకంలో సూసన్‌ని బయట నిలబెట్టేయడం మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. నొప్పి రూల్ దగ్గరే ఫెయిలైపోతుంది. ఎర్త్‌సీ అయితే అసలు చర్చకే పెట్టను, అది నాది, దాని జోలికెవరూ రావద్దు.

ఇక మిగిలింది హ్యారీ పాటర్. 1997 నుంచి 2007 దాకా పదేళ్ళలో 7 పుస్తకాలు. ఈ పేరు చెప్పగానే మా ఫ్రెండ్స్ నన్ను ద్రోహిని చూసినట్టు చూశారు. కానీ వినండి. ఆ సిరీస్ బలమంతా కథ అల్లికలో ఉంది. మొదటి పుస్తకం మొదటి ఛాప్టర్‌లోనే హాగ్రిడ్ తనెక్కి వచ్చిన మోటార్‌సైకిల్ సిరియస్ బ్లాక్ దగ్గర తెచ్చానంటాడు, ఎవరికీ గుర్తుండదు, మూడో పుస్తకంలో ఆ పేరే వచ్చి నెత్తిమీద పడుతుంది. రెండో పుస్తకంలో విరిగిన బీరువా ఆరో పుస్తకంలో శత్రువులు లోపలికి దూరడానికి దారవుతుంది. ఐదో పుస్తకంలో పాత ఇల్లు శుభ్రం చేస్తుంటే ఎవరూ తెరవలేని లాకెట్ ఒకటి దొరుకుతుంది, చెత్తతో పాటు పక్కన పడేస్తారు, ఏడోదానికొచ్చేసరికి దానికోసమే ప్రాణాలమీదికి తెచ్చుకుంటారు. ఆరోదాంట్లో హ్యారీ ఒక పాత పాఠ్యపుస్తకం దాచిన చోటు గుర్తుండాలని ఒక బొమ్మ తలమీద పాత కిరీటం పెడతాడు చూడండి, అది కూడా అంతే. ఇదంతా ఇప్పుడు నేను ఏ పేజీ తిప్పకుండా రాశాను. అదే నా పాయింట్. ఆ అల్లిక నా బుర్రలోకి దారం దారంగా దిగిపోయింది, ఇక పుస్తకం లేకపోయినా అది చిక్కుపడదు. అక్కడి వాక్యం కూడా తన పని చేసి మర్యాదగా పక్కకి తప్పుకునే రకం, కథకి అడ్డురాదు. అది తక్కువేం కాదు, చాలా కష్టమైన విద్య, కానీ ఆ వాక్యం కోసమే నేను మళ్ళీ వెనక్కి వెళ్ళను.

సరే, అన్నీ లెక్కలే, మరి మనసు? అక్కడ నన్ను కాసేపు ఆపింది ఐదో పుస్తకంలో ఆసుపత్రి సీన్. 38 ఛాప్టర్ల లావుపాటి పుస్తకం, హ్యారీ ప్రతిదానికీ అరుస్తూ ఉంటాడు, చిరాకొస్తుంది, మధ్యలో ఇది వస్తుంది. హ్యారీ క్లాస్‌మేట్ నెవిల్ అమ్మానాన్నలు హింస భరించలేక మతి పోగొట్టుకుని ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. వాళ్ళమ్మ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి కొడుకు చేతిలో చూయింగ్ గమ్ చుట్టిన కాగితం పెడుతుంది, ఖాళీ కాగితం. నానమ్మ దాన్ని చెత్తబుట్టలో పడెయ్యమంటుంది, ఇలాంటివి ఇప్పటికే గది గోడలన్నీ అతికించేటన్ని ఇచ్చి ఉంటుందంటుంది. నెవిల్ దాన్ని గుట్టుగా జేబులో పెట్టుకుంటాడు. సినిమాలో ఇది లేదు. యుద్ధాలు, మంత్రాలు, జోస్యాలు అన్నిటికంటే నాకు ఆ సిరీస్ మొత్తంలో గొప్ప చోటు ఇదే, దీన్ని వదిలేస్తానా అని చాలాసేపు గింజుకున్నా. కానీ చూశారుగా, అది కూడా నేను మీకు మొత్తం చెప్పేశాను.

మా ఫ్రెండ్ ఊరుకోలేదు. "అంత బాగా గుర్తుందంటే అంత ఇష్టమనేగా, ఎక్కువ ఇష్టమైనదాన్నే వదిలేస్తావా, ఇదేం లాజిక్?" అన్నాడు. లాజిక్ సరిగ్గానే ఉంది. నొప్పి పుట్టాలని రూల్ పెట్టిందే వాడు. పైగా మతిమరుపొస్తే ఏం చేస్తావంట! ఏం చేస్తాను, అప్పటికి ఎర్త్‌సీ కూడా కొత్తగానే ఉంటుంది, అది చదువుకుంటా.

తర్వాత ఇంకో వాదన లేచింది, వదిలేశాక ఆ కథ ఇంకొకరికి నోటితో చెప్పొచ్చా అని. చదవకూడదన్నాం గానీ చెప్పకూడదనలేదుగా, కాబట్టి చెప్పొచ్చని నేను తీర్పిచ్చేశాను, మా అక్క కూతురికి ఇప్పుడు ఏడేళ్ళు, దానికి ఎలాగూ ఎవరో ఒకరు చెప్పాలి. మెట్ల కింద గదిలోంచి మొదలెట్టి చివరిదాకా చెప్పగలను, ఆ ధైర్యం ఉంది. భయమల్లా తర్వాతి సంగతి. అది పెద్దదై పుస్తకాలు తనే చదివేసి ఒకరోజు వచ్చి, పిన్నీ నువ్వు చెప్పింది తప్పు, స్నేప్ అక్కడ అలా అనలేదు అంటుంది. నాకేమో అన్నాడనే గట్టిగా గుర్తుంటుంది. అప్పుడు పుస్తకం తీసి పేజీ చూపించే హక్కు నాకుండదు, దాని చేతిలో మాత్రం పుస్తకం ఉంటుంది, ఇక అది ఏం చెప్తే అదే.