యుద్ధం ఆగిన ఊళ్లో సాయాన్ని ఎలా కొలవాలి

యుద్ధం ఆగిన దేశంలో ఏ సాయం సంస్థ వచ్చి పనిచేసినా రెండు మూడేళ్లలో పరిస్థితి బాగుపడినట్టే కనబడుతుంది. పారిపోయినవాళ్లు తిరిగొస్తారు, బీడుపడ్డ చేలల్లో మళ్లీ వరి వేస్తారు, సంతలు తెరుచుకుంటాయి. ప్రాజెక్టుకు ముందొక సర్వే, తర్వాతొక సర్వే చేసి తేడా చూపించే నివేదిక, శాంతి వల్ల వచ్చిన మేలునంతా సంస్థ ఖాతాలో రాసేస్తుంది. అందుకే డబ్బు అందని ఊళ్లకూ వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. ఏ ఊరికి డబ్బివ్వాలో, ఏ ఊరికి ఇవ్వకూడదో సంస్థ తేల్చకూడదు. దాని చేతికిస్తే రోడ్డున్న ఊరికి, మాట వినే పెద్దలున్న ఊరికి ముందు వెళ్తుంది.

పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఈ పని సరిగ్గా జరిగింది. అక్కడి అంతర్యుద్ధం 1991లో మొదలై 2002లో ముగిసింది. తర్వాత ప్రపంచ బ్యాంకు సొమ్ముతో ‘గోబిఫో’ అనే పథకం వచ్చింది. అక్కడి క్రియో భాషలో ముందుకు సాగడం అని అర్థం. బొంబాలి, బొంతే జిల్లాల్లో 236 ఊళ్లు తీసుకుని, లాటరీ వేసి 118 ఊళ్లకు డబ్బిచ్చారు. ఊరికి సుమారు 4,667 డాలర్లు, అంటే ఇంటికి దాదాపు 100. దానితోపాటు కమిటీలు వేయించడం, ఆడవాళ్లనూ యువకులనూ నిర్ణయాల్లో కూర్చోబెట్టడం కూడా పథకంలో భాగమే. ఊరి పెద్దలు యువకులను పక్కన పెట్టడం యుద్ధానికి ఒక కారణమని చాలామంది అభిప్రాయం. కాబట్టి ఇది పైపై హంగు కాదు, పథకానికి ప్రాణం.

కట్టడాలను లెక్కపెట్టడం తేలికే, అయితే లోపలికి వెళ్లి చూడాలి. ధాన్యపు కొట్లో ధాన్యం ఉందా? తాళం ఎవరి దగ్గరుంది? బావిని ఆగస్టు వానల్లో చూస్తే ఎలాగూ నీళ్లుంటాయి, మార్చి, ఏప్రిల్ ఎండల్లో చూడాలి. అసలు చిక్కు మనుషుల తీరును కొలవడంలో ఉంది. ‘మీ మీటింగుల్లో ఆడవాళ్లు మాట్లాడతారా?’ అంటే, ఏళ్ల తరబడి ఆ పాఠమే విన్నవాళ్లు ‘మాట్లాడతారు’ అనే చెబుతారు.

అందుకని గోబిఫో ఫలితాలను కొలిచిన పరిశోధకులు అడగడం తగ్గించి, ఇచ్చి చూశారు. ఉప్పు కావాలా, బ్యాటరీలు కావాలా తేల్చుకోమని ఊరికి వదిలేసి, ఎవరు మాట్లాడారో, పెద్దలు పక్కకెళ్లి విడిగా నిర్ణయించారో రాసుకున్నారు. ఊరు సొంత డబ్బు కలిపితేనే చెల్లే కూపన్లు ఇచ్చారు, కట్టడ సామాను కోసం. పెద్ద టార్పాలిన్ పట్టా ఒకటి ఇచ్చి, కొన్ని నెలల తర్వాత చెప్పకుండా వచ్చి చూశారు. దాని మీద ఊరందరి పంటా ఆరుతోందా, ఒకరి ఇంటికి చేరిందా, మడత కూడా విప్పలేదా? వంద ప్రశ్నల కాగితం చెప్పని నిజం ఆ పట్టా చెబుతుంది.

2012లో ఫలితాలు అచ్చయ్యాయి. డబ్బందిన ఊళ్లలో కట్టడాలు మెరుగయ్యాయి, ఊరి ఆర్థిక పరిస్థితీ కొంత మెరుగైంది. కలిసి పనిచేయడంలో, ఆడవాళ్ల మాట చెల్లడంలో మాత్రం రెండు రకాల ఊళ్లకూ తేడా కనబడలేదు.

ఈ మాట నమ్మడానికి ఇంకో కారణముంది. ఏవేవి కొలుస్తారో, ఎలా లెక్కకడతారో ఫలితాలు చూడకముందే రాసి దాఖలు చేశారు. మొత్తం 334 అంశాలు. వాటిలోంచి నచ్చినవి ఏరుకుంటే ‘పథకం ఊరి పాలనను బాగుచేసింది’ అని ఒక పట్టిక, ‘చెడగొట్టింది’ అని ఇంకో పట్టిక వేయొచ్చని వాళ్లే వేసి చూపించారు. సొంత ఫలితాల జాబితాను చివర్లో తయారుచేసుకునే సంస్థ నివేదిక చదివేటప్పుడు ఈ రెండు పట్టికలు గుర్తుంచుకోండి.

ఇంతదాకా వెళ్లనక్కర్లేకుండానే బయటపడే లోపాలూ ఉన్నాయి. ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికా సాయంపై తనిఖీకి ఏర్పడ్డ సిగార్ సంస్థ, 2015లో 641 ఆరోగ్య కేంద్రాల జీపీఎస్ వివరాలు పరిశీలించింది. కొన్ని అసలు ఆ దేశంలోనే లేవు, ఒకటి మధ్యధరా సముద్రంలో తేలింది. అందుకే ఏ తనిఖీ అయినా ముందు సంస్థ ఇచ్చిన చిరునామాల జాబితాను మ్యాపు మీద పెట్టి చూడాలి. గదిలో కూర్చునే చేయొచ్చు, జీపు అద్దె కూడా అక్కర్లేదు.