మొక్కు ఆమెది, కాళ్ళు నావి

చెన్నైలోని విల్లివాక్కం నుంచి తిరువళ్ళూరుకు లోకల్ రైల్లో గంట ప్రయాణం. పోయిన పెరటాసిలో, అంటే సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెలలో, ఆ దూరానికి నాకు పద్నాలుగు గంటలు పట్టింది.

మా అబ్బాయికి జ్వరం తగ్గితే ‘మా ఆయన తిరుమలకు నడిచి వస్తాడు స్వామీ’ అని మా ఆవిడ మొక్కుకుంది. తను వస్తానని కాదు, నేను వస్తానని. జ్వరం తగ్గింది. ఇక తప్పించుకునే దారేది?

మొత్తం నాలుగు రోజుల నడక. మొదటి రాత్రి తిరువళ్ళూరు, తర్వాత తిరుత్తణి, పుత్తూరు, ఆఖరున అలిపిరి మెట్లు. అవి 3,550 అని తెలిసినా, మొదటి రోజు వాటి గురించి ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు.

తెల్లవారుజామున నాలుగింటికి దామోదర పెరుమాళ్ గుడి ముందు కర్పూరం వెలిగించి బయలుదేరాం. పదకొండు మందిమి. సామాన్లకు ఒక చిన్న బండి. మా బృందం పెద్దాయనకు కొరట్టూరులో కిరాణా కొట్టుంది. ఇది ఆయనకు పద్దెనిమిదో యాత్ర. కాళ్ళకు అరిగిపోయిన రబ్బరు చెప్పులు. నా బూట్లవైపు చూసి, “కొత్తవా నాయనా?” అని మాత్రం అన్నారు. మెచ్చుకున్నారనుకున్నాను. తర్వాత అందరి పర్సులూ అడిగి తీసుకుని ఒక సంచిలో వేసి బండిలో పెట్టించారు. దారిలో పోతాయని కాబోలు అనుకున్నాను.

అంబత్తూరు దాకా హుషారుగానే నడిచాం. రోజూ ఉద్యోగానికి వెళ్ళే దారే. వీధిదీపాల కింద గోవింద నామం చెప్పుకుంటూ వెళుతుంటే రాత్రి డ్యూటీ దిగివస్తున్న కార్మికులు ఆగి దండం పెట్టారు. ఆవడి చేరేసరికి ఎండెక్కింది. కుడి అరికాలిలో, బొటనవేలి కింద, ఇసుకరేణువు చిక్కుకున్నట్టు అనిపించింది. బూటు విప్పి దులిపాను. ఏమీ లేదు. మళ్ళీ తొడుక్కున్నాను. అర కిలోమీటరు తర్వాత ఆ రేణువు పావలా కాసంత అయింది. మేజోడు తీసి చూస్తే చర్మం తెల్లగా నాని, కింద నీరు చేరుతోంది. చెమటకు తడిసిన మేజోళ్ళను మార్చుకోవాలని, నడకకు వారం ముందే కొత్త బూట్లను అలవాటు చేసుకోవాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా విని ఉండేవాణ్ణి కాదనుకోండి.

తిరునిండ్రవూరులో దారి మళ్ళి భక్తవత్సల పెరుమాళ్ దర్శనానికి వెళ్ళాం. ఆళ్వార్లు కీర్తించిన 108 విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాలలో, ఒకటి. తమిళంలో ‘తిరు’ అంటే లక్ష్మి, ‘నిండ్ర’ అంటే నిలబడ్డ; లక్ష్మీదేవి వైకుంఠం విడిచివచ్చి నిలబడ్డ చోటు కాబట్టి ఊరికి ఆ పేరట. అమ్మవారిని అక్కడ ‘నన్ను కన్న తల్లి’ అని పిలుస్తారు. ఆవిడ నిలబడ్డ ఊళ్ళో నేను నిలబడలేక మండపం స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాను. బయట చలివేంద్రంలో ఒక తమిళ ముసలావిడ రెండు గ్లాసుల మజ్జిగ పోసి, నా కాళ్ళు చూసి, అడగకుండానే మూడోది పోసింది.

మధ్యాహ్నం పులిహోర తిన్నాక అసలు కష్టం మొదలైంది. నీడ లేదు, గాలి లేదు, తొడలు ఒరుసుకుని మంట. గోవింద నామం ఆగిపోయింది. లారీల మోత, ఎవరి అడుగులు వాళ్ళవి. పొద్దుటి నుంచి రైలు కూత వినబడుతూనే ఉంది, కానీ వేప్పంబట్టు స్టేషను మలుపు దగ్గర అది మరీ దగ్గరగా వినిపించింది. కొద్ది రూపాయల టికెట్టు. ఎటు ఎక్కినా సుఖమే: ఇటైతే తిరువళ్ళూరు, అటైతే ఇల్లు. మిగతావాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది.

జేబు ఖాళీ.

పద్దెనిమిది యాత్రలు ఊరికే చేయలేదాయన.

చీకటి పడే వేళకు తిరువళ్ళూరు చేరాం. అక్కడ వీరరాఘవస్వామి శయనించి ఉంటాడు. శాలిహోత్ర మహర్షిని పడుకోవడానికి చోటెక్కడని అడిగి, ఆయన చూపిన చోటే పవళించాడట. సత్రం మెట్లెక్కుతూ నేనూ అదే అడిగాను. హృత్తాపనాశిని కోనేటిలో బెల్లం వేస్తే, అది కరిగినట్టు రోగం కరుగుతుందని నమ్మకం. మాలో ఒకాయన నా పేరు చెప్పి కూడా ఒక బెల్లం ముక్క వేసి వచ్చాడు.

మా ఆవిడ ఫోను చేసింది. “ఎలా ఉందండీ?”

“బాగానే ఉంది.”

పెద్దాయన ఒక సూదిని మంటలో కాల్చి, నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. పైచర్మం చిరగకుండా పొక్కు అంచున గుచ్చి, దూదితో మెల్లగా నీరంతా వత్తి తీశారు. నేను కళ్ళు మూసుకుని, తెల్లవారుజామున ఎన్నింటికి లేవాలని అడిగాను.

“మూడింటికి. ఆ రెండో కాలు కూడా ఇలా పెట్టు నాయనా.”