కరోలిన్ పాఠం

డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలకు ఈ పాఠం చెప్పే రోజు బల్ల మీద ఒక కాగితపు పడవ పెట్టేదాన్ని. 1837 డిసెంబరులో బ్రిటిష్ పాలన మీద తిరగబడిన కెనడా తిరుగుబాటుదారులకు సాయం చేస్తున్న కరోలిన్ అనే ఆవిరి పడవను బ్రిటిష్ బలగాలు అమెరికా ఒడ్డునే పట్టుకున్నాయి. నిప్పుపెట్టి నయాగరా జలపాతం వైపు వదిలేశాయి. ఆత్మరక్షణ కోసమే చేశామంది బ్రిటన్. దానికి 1841లో అమెరికా విదేశాంగ మంత్రి డేనియల్ వెబ్‌స్టర్ రాసిన జవాబే తర్వాత అంతర్జాతీయ న్యాయానికి కొలబద్ద అయింది. ముప్పు ముంచుకొచ్చి ఉండాలి, వేరే దారి ఉండకూడదు, ఆలోచించుకునే వ్యవధి కూడా మిగలకూడదు. అప్పుడే ముందుగా చెయ్యి ఎత్తే హక్కు. బలం లేని దేశాలకు ఈ ఒక్క వాక్యమే కోటగోడ అని చెప్పేదాన్ని. ఇప్పటికీ అలాగే నమ్ముతాను.

2002 సెప్టెంబరులో జార్జి బుష్ ప్రభుత్వం జాతీయ భద్రతా వ్యూహాన్ని ప్రకటించింది. ఊళ్లో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి మొత్తం ప్రింటు తీయించుకుని రాత్రంతా చదివాను. ముంచుకొచ్చే ముప్పు అన్న భావనను నేటి శత్రువుల శక్తికీ లక్ష్యాలకీ తగినట్టు సవరించుకోవాలని అందులో ఉంది. వెబ్‌స్టర్ గీసిన గీతను అతని దేశమే చెరిపేస్తోందని అర్థమై చాలాసేపు నిద్ర పట్టలేదు.

బుష్ మొదటినుంచీ ఇలా మాట్లాడినవాడు కాదు. 2000 అక్టోబరులో అధ్యక్ష ఎన్నికల ప్రత్యర్థి అల్ గోర్‌తో జరిగిన చర్చలో, అమెరికా అణకువగా ఉంటే ప్రపంచం గౌరవిస్తుందన్నాడు. పరాయి దేశాలను నిర్మించడానికి మన సైన్యాన్ని వాడకూడదన్నాడు. ఆ మాటలు బూటకమని నేననుకోను. 2001 సెప్టెంబరు 11 ఉదయం ఫ్లోరిడాలోని ఒక బడిలో చిన్నపిల్లల మధ్య కూర్చున్నప్పుడు, రెండో విమానం కూడా ఢీకొట్టిందని చెవిలో చెప్పారాయనకు. ఆ రోజు దాదాపు 3,000 మంది చనిపోయారు. కొద్ది వారాలకే ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక సూక్ష్మజీవి పొడి నింపిన ఉత్తరాలు వచ్చాయి. ఈసారి అణుబాంబే వస్తే ఎలా అన్న భయం ఆ కుర్చీలో ఎవరున్నా పట్టుకునేదే. పైగా, కొడితే తిరిగి కొడతామన్న బెదిరింపు చావుకు భయపడేవాడి మీదే పనిచేస్తుంది. విమానాలను హైజాక్ చేసిన ఆ 19 మంది చావడానికే వచ్చారు. అందుకే అక్టోబరు 7న అఫ్గానిస్థాన్ మీద మొదలైన యుద్ధాన్ని పాత నియమంతోనే పిల్లలకు వివరించగలిగాను. భద్రతామండలి కూడా ఆత్మరక్షణ హక్కును గుర్తించింది.

కానీ ఇరాక్? దానికో రాజధాని ఉంది, సైన్యం ఉంది, పోగొట్టుకోవడానికి అధికారమూ చమురూ ఉన్నాయి. దాని పాలకుడు సద్దాం ఎంత క్రూరుడైనా విమానంతో భవనాన్ని ఢీకొని చచ్చేరకం కాదు. సెప్టెంబరు 11 దాడి చేసిన అల్ ఖైదాను చూసి పుట్టిన భయాన్ని తెచ్చి ఒక దేశానికి అంటగట్టారు. 2003 మార్చిలో దాడి చేశారు. దాడికి కారణంగా చూపిన సామూహిక విధ్వంస ఆయుధాల నిల్వలు దొరకనే లేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

ఆ ఏప్రిల్‌లో ఒక అమ్మాయి వార్తాపత్రిక తెచ్చి నా ముందు పెట్టింది. ముందస్తు దాడికి ఇరాక్ విషయంలో అమెరికాకు ఉన్న కారణాలకన్నా పాకిస్థాన్ విషయంలో మనకున్న కారణాలే బలమైనవని మన విదేశాంగ మంత్రి యశ్వంత్ సిన్హా అన్నారు. "ఇప్పుడు వెబ్‌స్టర్ ఏమంటాడు మేడమ్?" అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పార్లమెంటు మీద దాడి జరిగి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు, ఆ మంట నాలోనూ ఉంది. మన మంత్రి మాట నా మనసుకు నచ్చింది కూడా. మర్నాడు మాత్రం ఇలా చెప్పాను: "ఈ హక్కు మనకుంటే పాకిస్థాన్‌కూ ఉంటుందమ్మా. వాళ్ల భయం ఎంతో వాళ్లే కొలుచుకుంటారు, మన భయం మనం కొలుచుకుంటాం. మధ్యలో తూకం పట్టేవాళ్లుండరు." ఆమె ఒప్పుకోలేదు. గంట కొట్టేదాకా వాదించింది.

ఇప్పుడు తనూ ఒక కళాశాలలో ఇదే పాఠం చెబుతోంది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదికి సేనలను పంపుతూ పుతిన్ ఐక్యరాజ్యసమితి ఛార్టర్‌లోని 51వ అధికరణను, అంటే ఆత్మరక్షణ హక్కును చూపించాడు. ఆ సాయంత్రం తనే ఫోను చేసింది. ఉక్రెయిన్‌తో మొదలుపెట్టి రాత్రి పొద్దుపోయేదాకా ఇద్దరం ఇరాక్ గురించే మాట్లాడుకున్నాం.