మూడు సెకన్ల కుదుపు

మొదట కుడి చెయ్యి. గ్లాసు పట్టుకుని ఉంటే ఉన్నట్టుండి చెయ్యి ముడుచుకుపోయేది, సరిగ్గా అప్పుడే నోరు కూడా కుడివైపుకి లాగేసేది, రెండు మూడు సెకన్లు అంతే, మళ్ళీ మామూలే. గ్లాసు మాత్రం కింద పడి ఉండేది. నాకప్పుడు 62 ఏళ్ళు, ఏదో నరాల బలహీనతలే అనుకున్నా. మా ఆవిడ మాత్రం అలా వదిలెయ్యలేదు, ఒక నోట్‌బుక్ పెట్టుకుని కుదుపు వచ్చినప్పుడల్లా ఒక గీత గీసేది. ఒకరోజు 47 గీతలు వచ్చాయి.

ముందు చూపించుకున్న చోట ఈఈజీ, అంటే మెదడులో కరెంటు ఎలా ఉందో చూసే టెస్టు, తీసి నార్మల్‌గా ఉంది, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు. రక్తంలో సోడియం 135 పైన ఉండాల్సింది 124 ఉంటే దానికి వేరే మందు రాశారు. ఫిట్స్ మాత్రలు కూడా వాడాం, గీతలు తగ్గలేదు. చెయ్యి కుదుపు, సోడియం ఈ రెండూ ఒకే జబ్బు గుర్తులేమో అని కలిపి ఎవరూ చూడలేదు, నా బాధంతా అదే, ఎందుకంటే ఈలోపు జ్ఞాపకం పోవడం మొదలైంది. అప్పుడే తిని లేచి తిన్నానా అని అడిగేవాణ్ణట.

ఇక్కణ్ణుంచి కొన్ని నెలలు నాకు గుర్తులేవు, ఇంట్లోవాళ్ళు చెప్పిందే రాస్తున్నా. ఇంకో న్యూరాలజిస్టు, ఆవిడ మా ఆవిడ ఫోన్‌లో తీసిన వీడియో మూడుసార్లు వేయించుకుని చూసి వెంటనే ఎమ్మారై రాశారు, రక్తం, వెన్నులోంచి తీసిన నీరు టెస్టుకి పంపించారు. ఎమ్మారైలో జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోకాంపస్ వాచి ఉంది. రిపోర్టులో ఎల్‌జీఐ1 యాంటీబాడీలు పాజిటివ్, అంటే మెదడులో ఉండే ఎల్‌జీఐ1 అనే ప్రోటీన్ మీద నా ఒళ్ళే దాడి చేస్తోందని.

తర్వాత కోలుకుంటున్నప్పుడు ఆ డాక్టరే నాకు మళ్ళీ ఓపిగ్గా చెప్పారు. రెండు నరాల కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉండవు, మధ్యలో 20 నానోమీటర్ల దాకా సందు ఉంటుంది, అవి అలా కలిసే చోటే సినాప్స్. ఇటు కణం పైన ఆడమ్23 అనే ప్రోటీన్, అటు కణం పైన ఆడమ్22. ఎల్‌జీఐ1 ఆ సందులోకి వచ్చి ఒక చేత్తో దీన్ని, ఇంకో చేత్తో దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు ఉంటేనే సిగ్నల్ అందుకునే ఆంపా రిసెప్టర్లు సరిపడా ఉంటాయి, సిగ్నల్ మరీ ఎక్కువ కాకుండా ఆపే పొటాషియం ఛానళ్ళూ ఉంటాయి. నా ఒంట్లో తయారైన యాంటీబాడీలే వెళ్ళి ఆ పట్టు విడిపించేశాయి. ఇక ఆపేది లేక కుదుపులు, జ్ఞాపకాలు నిలవకపోవడం. ఈ యాంటీబాడీలు పొటాషియం ఛానల్ మీదే పడతాయని చాలాకాలం అనుకున్నారట, అసలు గురి ఎల్‌జీఐ1 అని తేలింది 2010లో.

వెంటనే స్టెరాయిడ్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకి 1 గ్రాము చొప్పున నరంలోకి 5 రోజులు ఎక్కించారు. నోట్‌బుక్‌లో మూడో రోజుకి 19, ఐదో రోజుకి 6, రెండు వారాలకి ఖాళీ పేజీ. తర్వాత మాత్రలు, ఏడాది పైన కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారు. నిద్ర పట్టేది కాదు, షుగర్ పెరిగింది, చిన్నదానికే కోపం వచ్చేది, అయినా భరించాను. కుదుపులు పోయినంత తొందరగా జ్ఞాపకం రాలేదు, అది నెలల మీద వచ్చింది. ఇప్పుడు నా లెక్కలు నేనే రాసుకుంటున్నా, దారి తప్పకుండా ఒక్కణ్ణే వెళ్ళొస్తున్నా.

ఆ నెలలు మాత్రం రాలేదు, ఇక రావని కూడా చెప్పారు. మొన్న ఆ నోట్‌బుక్ అడిగి తీసుకుని మొదటి పేజీ నుంచి చదివాను. గీతల పక్కన మా ఆవిడ చిన్న అక్షరాలతో రాసి ఉంది: "అబ్బాయి ఎప్పుడొస్తాడని పొద్దున్నుంచి ఐదుసార్లు అడిగారు. వాడు వాళ్ళ నాన్న పక్కనే కూర్చుని ఉన్నాడు."