అంచు వదిలిన పన్నెండు వారాలు: నా సైకిల్ డైరీ

1వ వారం

ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ సైకిలెక్కాను. ఇంటి నుంచి ఆఫీసుకు 7 కిలోమీటర్లు, రానూపోనూ 14. నాకు తెలిసిన జాగ్రత్త ఒక్కటే: రోడ్డు అంచు పట్టుకుని పోవడం, వెనక హారన్ మోగితే ఇంకాస్త అంచుకు జరగడం.

శుక్రవారం రాత్రి కూర్చుని లెక్క రాసుకున్నాను. కంకరలో చక్రం జారింది మూడుసార్లు. ముందు చక్రం డ్రైనేజీ జాలీ కమ్మీల మధ్య దిగబడబోయి తప్పింది ఒకసారి. ఆగి ఉన్న కారు తలుపు ఠక్కున తెరుచుకుని మోచేతికి తగిలింది ఇంకోసారి. వెనక నుంచి వచ్చిన బండి ఏదీ నన్ను ముట్టుకోలేదు. నా భయమంతా వెనక, దెబ్బలన్నీ ముందూ పక్కా!

2వ వారం

మా కారు తలుపు బార్లా తెరిచి టేపుతో కొలిచాను. 95 సెంటీమీటర్లు. నా హ్యాండిల్ వెడల్పు 60, అందులో సగం 30. అంటే నా చక్రం కారుకు 125 సెంటీమీటర్ల దూరంలో పోతే తలుపు నా హ్యాండిల్‌కి రాసుకుంటుంది. అందుకే ఆగి ఉన్న కార్ల వరస పక్కన మీటరున్నర వదలాలని ఖాయం చేసుకున్నాను. కార్లు లేని చోట అంచుకు ముప్పావు మీటరు నుంచి మీటరు దాకా దూరం.

మొదటి రెండు రోజులూ నడిరోడ్డు మీద నిలబడ్డట్టే అనిపించింది. కానీ ఒక తేడా గమనించాను. నేను అంచున నక్కి పోతున్నప్పుడు వెనకవాళ్లు స్టీరింగ్ తిప్పకుండానే నన్ను రాసుకుంటూ వెళ్లేవాళ్లు. మీటరు ఇవతలకి వచ్చాక పక్క లేన్‌లోకి జరిగి దాటుతున్నారు. పైగా ఎప్పుడైనా తప్పుకోవాల్సి వస్తే నాకు అంచు వైపు ఆ మీటరు మిగిలే ఉంటుంది. నాకూ ఇంకో బండికీ కలిపి చోటు చాలని ఇరుకు రోడ్డులో లేన్ మధ్యకే వెళ్తాను, వెడల్పు రాగానే దారిస్తాను. హారన్లు పడతాయి. పడనీ, నన్ను చూసినట్టే కదా.

ఇంకొకటి: రెండు కార్ల మధ్య ఖాళీ కనిపించగానే లోపలికి దూరి మళ్లీ బయటికి రావడం మానేశాను. లోపలున్నంతసేపూ వెనకవాళ్లకి మనం లేనట్టే. బయటికి రాగానే ఊడిపడినట్టు ఉంటుంది.

3, 4 వారాలు

వెనక్కి తిరిగి చూడటం. ఇంత చిన్న పనికి తొమ్మిది రోజులు పట్టింది, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మెడ ఎటు తిరిగితే హ్యాండిలూ అటే పోయేది. ఖాళీ మైదానంలో సుద్దముక్కతో గీత గీసి, దాని మీద పోతూ సాధన చేశాను. ఎటు చూడాలో అటు వైపు చెయ్యి హ్యాండిల్ నుంచి తీసి తొడ మీద పెట్టుకుని చూస్తే భుజం వదులై సైకిల్ వంకర పోవడం లేదు. అది అలవాటయ్యాక ఒంటి చేత్తో తోలుతూ మలుపు సైగ చెయ్యడం ఒక్కపూటలో వచ్చింది.

ఇప్పుడు నా వరస ఇది: గుంత కనిపిస్తే చాలా ముందే వెనక్కి చూస్తాను, చెయ్యి చూపిస్తాను, మళ్లీ చూస్తాను, అప్పుడు జరుగుతాను. అద్దం కూడా బిగించాను. పనికొస్తుంది గానీ, తల తిప్పితే వెనకున్న డ్రైవరుకి "వీడు జరగబోతున్నాడు" అని తెలుస్తుంది. అద్దంలో చూస్తే ఆ సంగతి నాకొక్కడికే తెలుస్తుంది.

5వ వారం

బ్రేకుల పరీక్ష. చిన్నప్పుడు అందరికీ చెప్పే మాటే నాకూ చెప్పారు: ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు. ఇన్నేళ్లూ వెనక బ్రేకుతోనే బతికాను. అదే మైదానంలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దగ్గర బ్రేకు పట్టి, ఎక్కడ ఆగానో కొలిచాను. ఒక్కోటి ఐదుసార్లు.

వెనక బ్రేకు ఒక్కటే: సుమారు 6.5 మీటర్లు, రెండుసార్లు చక్రం పక్కకి ఈడ్చింది.
రెండూ కలిపి: 4 మీటర్ల లోపే.

బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదకి వాలుతుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. ముందు బ్రేకు ఒక్కసారిగా లాగకుండా పిండినట్టు పట్టాలి, నడుము వెనక్కి జరపాలి, చేతులు బిగబట్టాలి. పల్టీ సంగతి అబద్ధం కాదు గానీ, అది గుంజి పట్టేవాళ్లకి.

మైదానంలో గీత ఎక్కడుందో నాకు ముందే తెలుసు. రోడ్డు మీద చూసి బ్రేకు పట్టేలోపు ఒక సెకను గడిచిపోతుంది. 20 వేగంలో ఆ సెకనులో ఐదున్నర మీటర్లు, 30లో ఎనిమిది మీటర్ల పైన పోతాం. ఆ తర్వాత ఆగడానికి పట్టే దూరం వేగం వర్గంతో పెరుగుతుంది: 20 దగ్గర 4 మీటర్లు పడితే 30 దగ్గర 9. అందుకే ఆగి ఉన్న బస్సు పక్కన పోయేటప్పుడు 15కి తగ్గించి, రెండు వేళ్లు బ్రేకుల మీద ఉంచుతున్నాను. బస్సు ముందు నుంచి ఎవరు పరిగెత్తుకొస్తారో తెలియదు.

6వ వారం

జ్వరం. సైకిలెక్కలేదు.

7వ వారం

వాన. నావి రిమ్ముని పట్టే బ్రేకులు. తడిస్తే రబ్బరు ముందు నీళ్లు తుడుచుకోవాలి, ఆ తర్వాతే పట్టు. ఆ మొదటి రెండు మూడు చుట్లలో ఏమీ జరగనట్టే ఉంటుంది, గుండె జారిపోతుంది. ఆగాల్సిన చోటుకు చాలా ముందే లీవరు తేలిగ్గా ఆనించి నీళ్లు తుడిచేస్తున్నాను.

తెల్ల పెయింటు చారలు, మ్యాన్‌హోల్ మూతలు, రాలిన ఆకులు తడిస్తే సబ్బే. వాటి మీద బ్రేకు పట్టను, సైకిల్ వంచను, నిటారుగా దొర్లిపోతాను. రైలు పట్టాలను ఎదురుగా, వీలైనంత లంబంగా దాటాలి. ఏటవాలుగా వెళ్లి ఒకసారి మోకాలు చెక్కించుకున్నాను. నీళ్లు నిలిచిన చోట అడుగున ఏముందో తెలియదు కాబట్టి చుట్టూ తిరిగే పోతాను.

8వ వారం

చీకటి త్వరగా పడుతోంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పెట్టాను. ముందుది మిణుకు మిణుకుమనేలా కాకుండా నిలకడగా వెలిగేలా ఉంచాను. మిణికే దీపం ఎంత దూరంలో ఉందో అంచనా వెయ్యడం నాకే కష్టంగా ఉంటుంది, ఎదుటివాళ్లకి వేరేలా ఎందుకుంటుంది? కాంతి ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా కిందికి వంచాను.

పసుపుపచ్చ ఫ్లోరసెంట్ జాకెట్ కొన్నాను, రాత్రిళ్లు దాని మీద పెట్టుకున్న నమ్మకం తప్పని తర్వాత తెలిసింది. ఆ రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాలతో మెరుస్తుంది, చీకట్లో మామూలు బట్టే. రాత్రికి పనికొచ్చేది హెడ్‌లైట్ కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపే పట్టీ. దాన్ని చీలమండలకి కట్టుకున్నాను. పెడల్‌తో పాటు పైకీ కిందికీ కదులుతుంటే అది మనిషేనని దూరం నుంచే తెలుస్తుంది. మా అబ్బాయి తొక్కుతుంటే వెనక కారులో వెళ్లి చూశాను: ముందు కనిపించినవి కాళ్లే.

9వ వారం

లారీ. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న లారీకీ అంచుకీ మధ్య సందు ఉంది, దూరబోయాను. అది అంచు వైపే తిరిగింది. పొడవాటి బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. నేనున్న సందు క్షణాల్లో మాయమైంది. సైకిల్ వదిలేసి కాలిబాట మీదకి దూకాను. డ్రైవరుకి నేను కనిపించనే లేదు, అతని తప్పు కూడా కాదేమో. అప్పటి నుంచి లారీ, బస్సు కనిపిస్తే వెనకే ఆగుతున్నాను, సందు ఎంత వెడల్పున్నా సరే.

దూకినప్పుడు హెల్మెట్ గోడకి కొట్టుకుంది. బయట గీత కూడా పడలేదు, అయినా మార్చేశాను. లోపలి ఫోమ్ నలిగి దెబ్బను మింగుతుంది, ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు. కొత్తది కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన ఉండేలా బిగించాను. పాతది నెత్తి వెనక్కి జారి ఉండేదని ఫోటోల్లో చూస్తే గానీ తెలియలేదు.

12వ వారం

మీటరులో 731 కిలోమీటర్లు. బయల్దేరే ముందు నిమిషం పని: టైరు నొక్కి చూడటం (వారానికోసారి పంపు గేజీతో, టైరు పక్కన రాసిన హద్దుల్లో), బ్రేకు లీవర్లు హ్యాండిల్‌కి ఆనేదాకా రాకుండా ఉన్నాయో లేదో చూడటం, సైకిల్‌ని అరచెయ్యి ఎత్తు నుంచి కింద వదిలి ఏదైనా గలగలమంటుందేమో వినడం. మొన్న అలా గలగలమంటే మడ్‌గార్డ్ మర ఊడి ఉంది.

ట్రాఫిక్‌కి అడ్డంగా తిరగాల్సిన పెద్ద కూడలి ఒకటుంది. అక్కడ ఇంకా దిగి, నడిచేవాళ్ల చారల మీదుగా నెట్టుకునే వెళ్తున్నాను. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ముందు బ్రేకు రబ్బరు గాడి దాకా అరిగింది, ఆదివారం మార్చాలి. వెనకది కొత్తదానిలాగే ఉంది.